సెంటర్ పిన్ మెషీన్ మీద పనిచేసేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాదికి ముందు పంచాంగాలు, జూన్‌లో బళ్లు తెరిచే ముందు నోటు పుస్తకాలు, ఎన్నికలొస్తే పార్టీల కరపుస్తకాలు, మధ్యమధ్యలో కాలేజీ బ్రోషర్లు. హైదరాబాద్‌లో సెంటర్ పిన్ మెషీన్, అంటే పుస్తకం నడిమి మడతలో వైరు పిన్ వేసే శాడిల్ స్టిచ్చింగ్ మెషీన్, ఏడాది పొడవునా ఏదో ఒకటి కుడుతూనే ఉంటుంది. ఆజామాబాద్‌లో పెద్ద షెడ్డయినా, ఛత్తా బజార్ సందులో కాలితో తొక్కే పిన్నింగ్ మెషీన్ అయినా ఆపరేటర్లు అడిగేవి మాత్రం దాదాపు ఇవే ప్రశ్నలు. పని నడిచే వరసలో వాటిని ఒకచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, మిగతావి చదవాల్సిన పని లేదు.

ఒక అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాం. పిన్ సరిగ్గా పడకపోతే అందరూ స్పానర్ తీసుకుని హెడ్ (వైరు కోసి పిన్ వేసే భాగం) మీద పడతారు. చాలాసార్లు తప్పు హెడ్‌లో ఉండదు, హెడ్ దాకా వచ్చిన ఫారంలో (ప్రింటయ్యాక మడిచిన షీటు) ఉంటుంది.

## పని ఒప్పుకునే ముందు

కస్టమర్ 30 పేజీల మ్యాటర్ ఇచ్చాడు. సెంటర్ పిన్ కుదురుతుందా?

అలాగే కుదరదు. షీటును మధ్యకు మడిస్తే 4 పేజీలు వస్తాయి కాబట్టి మొత్తం పేజీలు 4తో భాగించగలిగేలా ఉండాలి. 28కి తగ్గించమనండి, లేదా రెండు పేజీలు ఖాళీగా వదిలి 32 చేయమనండి. ఈ మాట ప్లేట్లు చేయకముందే జరగాలి. ఇంకొకటి, "36 పేజీలు" అన్నప్పుడు అందులో కవరు 4 పేజీలు కలిసి ఉన్నాయా, విడిగానా అని అడిగి జాబ్ కార్డు మీద రాసుకోండి. ఈ ఒక్క గీత రాయకపోవడం వల్ల వచ్చే గొడవలు అన్నీ ఇన్నీ కావు.

ఎన్ని పేజీల దాకా సెంటర్ పిన్ వేయొచ్చు?

పేజీల లెక్క కంటే పేపర్ ముఖ్యం. 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో (పూత లేని ప్రింటింగ్ పేపర్) మీద 64 పేజీలు చక్కగా కూర్చుంటాయి. 96 కూడా అవుతుంది కానీ పుస్తకం నోరు తెరుచుకుని ఉంటుంది, లోపలి పేజీల మార్జిన్ కూడా తగ్గిపోతుంది. 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మందం 80 మ్యాప్‌లితోకి దగ్గరగానే ఉన్నా బిగువు ఎక్కువ, మడత దగ్గర ఎదురు తిరుగుతుంది. దాని మీద 48 దాటితే పెర్ఫెక్ట్ బైండింగ్ (వెన్నుకు జిగురుతో అతికించడం) గురించి కస్టమర్‌తో మాట్లాడటం మేలు. మెషీన్ కుట్టగలదా అని కాదు, కుట్టాక అది పుస్తకంలా కనిపిస్తుందా అని చూడాలి.

మెషీన్ ప్లేటు మీద 6 మి.మీ. అని ఉంది. అది మూసిన పుస్తకం మందమా?

కాదు. వైరు ఎంత కాగితంలోంచి దూరి వెళ్లాలో ఆ మందం. 64 పేజీల పుస్తకం మూస్తే 32 ఆకులు, 80 జీఎస్ఎం మీద సుమారు 3.2 మి.మీ. కానీ అదే పుస్తకం మెషీన్ జీను (శాడిల్) మీద తెరిచి కూర్చున్నప్పుడు పిన్ 16 షీట్లలోంచే వెళ్తుంది. అంటే 1.6 మి.మీ., దానికి కవరు మందం కలుపుకోవాలి. మూసిన పుస్తకాన్ని కొలిచి హెడ్ మందం సెట్ చేస్తే ఒత్తిడి చాలదు, పిన్ వదులుగా పడుతుంది. కొత్తవాళ్ల చేతిలో పిన్ వదులవ్వడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. సెట్టింగ్ చేసేటప్పుడు పుస్తకాన్ని మధ్యకు తెరిచి, ఒక పక్క మందాన్నే మైక్రోమీటర్‌తో కొలవండి.

లోపలి పేజీలు బయటికి పొడుచుకొస్తాయంటారు. ఎంత వస్తాయి? ఎవరు సరిచేయాలి?

దీన్ని క్రీప్ అంటారు. ఒకదానిలో ఒకటి దూర్చిన షీట్లలో లోపలిదాన్ని బయటి షీట్ల మందం ముందుకు నెడుతుంది. 80 జీఎస్ఎం మీద 64 పేజీలకు నట్టనడుమ షీటు సుమారు ఒకటిన్నర మి.మీ. బయటికి వస్తుంది. 96 పేజీలైతే రెండు మి.మీ. దాటుతుంది. ట్రిమ్మింగ్‌లో ఆ పొడుచుకొచ్చిన భాగం పోతుంది కాబట్టి మధ్య పేజీల బయటి మార్జిన్ సన్నబడుతుంది. పేజీ నంబరు అంచుకు ఆనించి పెట్టి ఉంటే అదీ కోతలో పోతుంది. సరిచేయాల్సింది ఇంపోజిషన్ (మడిస్తే వరస కుదిరేలా షీటు మీద పేజీలు అమర్చడం) చేసే డీటీపీ దగ్గర. ఆ సాఫ్ట్‌వేర్‌లో క్రీప్ కోసం సెట్టింగ్ ఉంటుంది, పేపర్ మందం ఇస్తే పేజీలను మెల్లమెల్లగా లోపలికి జరుపుతుంది. బైండింగ్‌కు వచ్చాక చేయగలిగింది ఏమీ లేదు. అందుకే అసలు పేపర్‌తోనే ఒక తెల్ల డమ్మీ మడిచి, పిన్ చేసి, కోసి చూడమంటాం.

గ్రెయిన్ (కాగితంలో పీచు సాగిన దిశ) నిజంగా అంత ముఖ్యమా? కస్టమర్‌కు తెలియదు కదా.

కస్టమర్‌కు పేరు తెలియకపోవచ్చు, పుస్తకం చేతిలోకి తీసుకున్న క్షణంలో తేడా తెలుస్తుంది. గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా ఉంటే మడత బిగువుగా కూర్చుంటుంది, పేజీ మెత్తగా తిరుగుతుంది. అడ్డంగా ఉంటే మడత పగులుతుంది, పుస్తకం మూసుకోదు, వానాకాలంలో వెన్ను పొడవునా అలలు లేస్తాయి. ఎటుందో తెలియకపోతే షీటులోంచి చిన్న చదరపు ముక్క కోసి ఒక వైపు తడపండి. ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉందో గ్రెయిన్ అటే.

## ఫారాలు, ఫీడింగ్

ఫారాలు ఏ వరసలో వేయాలి?

గ్యాదరింగ్ గొలుసు (ఫారాలను ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ హెడ్ దాకా తీసుకెళ్లేది) మీద మొదట పడేది పుస్తకం నట్టనడుమ ఫారం. దాని మీద తర్వాతిది, చివర కవరు. పెర్ఫెక్ట్ బైండింగ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఒకటో ఫారాన్ని ఒకటో పాకెట్‌లో (ఫారాలు పేర్చే అర) పెట్టేస్తారు. మెషీన్ తిప్పే ముందు ఒక పుస్తకం చేత్తో కూర్చి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నంబర్లు చదవండి. రెండు నిమిషాల పని.

ల్యాప్ ఎంత వదలాలి?

గ్రిప్పర్ ఫారాన్ని మధ్యకు తెరవాలంటే ఒక సగం రెండో దానికంటే కాస్త పొడవుగా ఉండాలి. ఆ ఎక్కువ భాగమే ల్యాప్, 8 నుంచి 10 మి.మీ. చాలు. పై సగం పొడవా, కింది సగం పొడవా అన్నది మీ ఫీడర్‌ను బట్టి ఉంటుంది, అది ప్రింటింగ్‌కు ముందే డీటీపీకి చెప్పాలి. ల్యాప్ లేకుండా వచ్చిన ఫారాలను సక్షన్‌తో తెరిచే మెషీన్లు ఉన్నాయి, లేదంటే చేత్తో వేసుకోవడమే. షీటు సైజు మరీ బిగించి లెక్కేస్తే పోయేది ఈ ల్యాపే.

ఫీడర్ రెండేసి ఫారాలు లాగుతోంది. సక్కర్లు (ఫారాన్ని గాలితో పీల్చి పట్టే రబ్బర్లు) మార్చాలా?

సక్కర్ రబ్బరు పగిలి ఉంటే మార్చండి. ముందు మాత్రం ఫారాల కట్టను చూడండి. ఇంకు సరిగా ఆరకుండా మడిచినవి ఒకదానికొకటి అంటుకుంటాయి. బాగా ఆరడానికి ఆపిన కారణంగా ఏ పనీ చెడిపోలేదు, తొందరపడితే మచ్చలూ డబుల్సూ రెండూ వస్తాయి. మడత వైపు ఉబ్బి, తెరిచిన వైపు సన్నగా ఉంటే కట్ట వాలిపోయి సక్కర్ సరైన కోణంలో పట్టుకోలేదు. అలాంటి ఫారాలను ఫోల్డింగ్ అయ్యాక ప్రెస్‌లోనో, పలకల మధ్య బరువు పెట్టో ఒక పూట అణచి ఉంచండి. పాకెట్‌లో మరీ ఎక్కువ పేర్చినా కింది ఫారం మీద బరువు పెరిగి ఇదే జరుగుతుంది. కొద్దికొద్దిగా వేస్తూ ఉండాలి. మాట్లాడుతూ కాదు, వింటూ వేయాలి. పాకెట్ తప్పినప్పుడు చప్పుడు మారుతుంది.

ప్రింటింగ్‌లో చల్లిన పౌడర్ కూడా రోలర్ల మీదా సక్షన్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. షిఫ్ట్ మారేటప్పుడు తుడవండి.

మే నెలలో ఫారాలు కరెంటు పట్టినట్టు అతుక్కుంటున్నాయి. ఎందుకు?

నిజంగా కరెంటే, స్టాటిక్. హైదరాబాద్ ఎండాకాలం గాలిలో తేమ బాగా పడిపోతుంది, రేకుల షెడ్డులో మరీను. కాగితం రాపిడికి చార్జ్ పట్టుకుంటుంది. బైండింగ్ హాల్లో తేమ 50 శాతం అటూఇటూ ఉంటే ఈ బాధ తగ్గుతుంది. నేల తడపడం, హ్యుమిడిఫయర్, ఫీడర్ దగ్గర యాంటీ స్టాటిక్ బార్ లాంటివి పనిచేస్తాయి. మెషీన్ ఎర్తింగ్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కూలర్ మాత్రం నేరుగా ఫారాల మీదికి తిప్పకండి. మనకు హాయిగానే ఉంటుంది, కాగితం అంచులు మాత్రం తేమ పీల్చుకుని వంకర్లు పోతాయి.

16 పేజీల ఫారం తల దగ్గర ముడత పడుతోంది. స్టిచ్చింగ్‌లో సరిచేయొచ్చా?

కుదరదు, అది ఫోల్డింగ్‌లో పుట్టిన ముడత. మడతల మధ్య చిక్కుకున్న గాలి బయటికి వెళ్లే దారి లేక మూలకు చేరుతుంది. ఫోల్డింగ్ మెషీన్ మీద తల మడతకు పర్ఫరేషన్ వేస్తే గాలి పోతుంది. బరువైన ఆర్ట్ పేపర్ అయితే 16కి బదులు 8 పేజీల ఫారాలు చేయడమే మార్గం. ఫోల్డింగ్ ఖర్చు కొంచెం పెరుగుతుంది, వేస్టేజ్ తగ్గుతుంది.

మా దగ్గర అక్కలు చేత్తోనే ఫారాలు వేస్తారు. తప్పు ఫారం పడకుండా ఎలా?

ట్రిమ్మింగ్‌లో పోయే తల అంచు మీద ఒక్కో ఫారానికి కాస్త జరిపి ఒక నల్ల గుర్తు ప్రింట్ చేయించండి. పుస్తకం కూర్చాక గుర్తులు మెట్లలా కనిపిస్తాయి, ఒక మెట్టు తప్పితే కంటికి వెంటనే తెలుస్తుంది. ఒక్కొక్కరికి ఒకే ఫారం ఇవ్వండి, మధ్యలో మార్చకండి. మధ్యాహ్నం భోజనం తర్వాత మొదటి కట్టను ఎప్పుడూ విప్పి చూడండి.

కాలిపర్ పెట్టాం. అయినా ఒక ఫారం లేని పుస్తకం బయటికి వెళ్లింది. ఎలా?

కాలిపర్ మందం మాత్రమే కొలుస్తుంది. 60 జీఎస్ఎం మీద 4 పేజీల ఫారం మాయమైతే తగ్గేది మడతకు రెండు పక్కలా కలిపినా 0.15 మి.మీ. మాత్రమే. మందపాటి పుస్తకంలో అంత తేడా కాగితం ఉబ్బులోనే కలిసిపోతుంది. అలాంటి పనికి చిన్న ఫారాన్ని విడిగా వదలకుండా పెద్ద ఫారంతో కలిపి ప్లాన్ చేయించండి. కాలిపర్‌ను చేతిలో ఉన్న మంచి పుస్తకంతోనే జీరో చేయాలి, నిన్నటి పని సెట్టింగ్‌తో కాదు. కొత్త ప్యాలెట్ విప్పినప్పుడల్లా మళ్లీ చూడాలి, తేమ మారితే మందం మారుతుంది. రెండు ఫారాలు అటూఇటూ మారినా మందం ఒకటే కాబట్టి అది పట్టుకోలేదు. దానికి కెమెరా కావాలి, లేదా మన కళ్లు.

## పిన్ పడే చోట

ఏ గేజి వైరు వాడాలి?

రోజువారీ పనికి 24, 25, 26 గేజిలు సరిపోతాయి. గేజి నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం. 24 అంటే సుమారు 0.56 మి.మీ., 25 అంటే 0.51, 26 అంటే 0.46. పలుచటి కరపత్రాలకు 26, మామూలు 32 నుంచి 64 పేజీలకు 25, అంతకంటే మందమైతే 24. గేజి మార్చినప్పుడు హెడ్‌లో వైరు నడిచే గాడి, కట్టర్ దానికి సరిపోతాయో చూడాలి. మందపు వైరైతే గట్టిగా ఉంటుందని పలుచటి పుస్తకానికి 24 వేస్తే కవరు మీద రంధ్రాలే పెద్దవి కనిపిస్తాయి.

పది వేల పుస్తకాలకు వైరు ఎంత తెప్పించాలి?

పుస్తకానికి రెండు పిన్‌లు, ఒక్కో పిన్‌కు సుమారు 26 మి.మీ. వైరు అనుకోండి. మొత్తం 520 మీటర్లు. 25 గేజి స్టీల్ వైరు మీటరు సుమారు 1.6 గ్రాములు తూగుతుంది కాబట్టి 830 గ్రాముల దగ్గర తేలుతుంది. సెట్టింగ్ వేస్టేజ్ కలిపి కిలో తెప్పిస్తే చాలు. పుస్తకం ఖర్చులో వైరు వాటా ఇంత తక్కువ కదా, మరి చవక వైరు కొని రోజంతా మెషీన్ ఆపుకోవడం ఏం లెక్కో మాకు అర్థం కాదు.

పిన్ ఒక కాలు పొడవు, ఒక కాలు పొట్టి వస్తోంది.

వైరు ముక్కను పిన్‌గా వంచే బెండర్ దాన్ని సరిగ్గా మధ్యలో పట్టుకోవట్లేదు. ముందు స్పూల్ చూడండి. వైరు చిక్కుపడి లాగుతుంటే ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ వస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క పొట్టి అయితే కట్టర్ స్థానం జరపాలి. తేడా తలా ఒక రకంగా మారుతుంటే ఫీడ్ దగ్గర వైరు జారుతోంది, అక్కడ నూనె పేరుకుందేమో తుడిచి, పట్టు అరిగిందేమో చూడండి. అడ్డదిడ్డంగా మూడు స్క్రూలూ ఒకేసారి తిప్పకండి. ఒకటి తిప్పి, పది పిన్‌లు వేసి, చూసి, అప్పుడు రెండోది.

పిన్ కాళ్లు లోపల ఎంత పొడవు ఉండాలి?

మడిచాక రెండు కాళ్ల కొనలు దాదాపు కలవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే మధ్య పేజీలో గడ్డలా తగులుతుంది, పొట్టిగా ఉంటే పేజీ లాగగానే ఊడుతుంది. కొన పైకి లేచి ఉంటే పిల్లల వేళ్లకు గుచ్చుకుంటుంది. స్కూలు పుస్తకాల పనిలో వేలి కొనతో ప్రతి శాంపిల్‌నూ తడిమి చూడండి.

వైరు కాగితంలోకి దూరకుండా మధ్యలోనే నలిగిపోతోంది.

వైరు నిటారుగా లేకపోవడం మొదటి అనుమానం. ఒక 30 సెం.మీ. ముక్క లాగి బల్ల మీద పెట్టండి. దాదాపు తిన్నగా పడుకోవాలి. విల్లులా వంగినా, మెలి తిరిగినా స్ట్రెయిటనర్ సరిచేయాలి. తిన్నగానే ఉంటే పుస్తకం మందానికి వైరు మరీ సన్నమేమో చూడండి. ఆ తర్వాతే బెండర్ గాడి, పిన్‌ను కాగితంలోకి దింపే డ్రైవర్ కొన. డ్రైవర్ కొన గుండ్రంగా అరిగితే వైరు పక్కకు జారుతుంది. దాన్ని రుద్ది కొన్నాళ్లు నడపొచ్చు, చివరికి మార్చక తప్పదు. ఈ భాగాలు అరిగిపోవడానికే ఉన్నాయి, ఒక సెట్టు ఎప్పుడూ డ్రాయర్‌లో ఉండాలి.

వెన్ను మీద పిన్ వదులుగా ఉంది, లేదా కవరును కోసేస్తోంది.

వదులుగా ఉంటే ఒత్తిడి తక్కువ లేదా కాళ్లు ఎక్కువ పొడవు. కోసేస్తుంటే ఒత్తిడి ఎక్కువ. మూలల దగ్గర వైరే తెగుతుంటే ఒత్తిడి మరీ ఎక్కువ, లేదా బెండర్ అంచు పదునెక్కింది. కింద పిన్ కాళ్లు మడిచే క్లించర్ ఎత్తు కూడా చూడండి. తక్కువైతే కాళ్లు అణగవు, ఎక్కువైతే మధ్య పేజీ చిరుగుతుంది.

పిన్ మడత మీద పడకుండా పక్కకు పోతోంది. హెడ్ జరపాలా?

ఆగండి. అన్ని పుస్తకాల్లో ఒకే పక్కకు, ఒకే దూరం పోతుంటేనే హెడ్, జీను వరస తప్పినట్టు. ఒకటి ఇటు, ఒకటి అటు పోతుంటే ఫారాలు జీను మీద కూర్చోవట్లేదు. మడత గుల్లగా ఉంటే, అంటే ఫోల్డింగ్ రోలర్ సరిగా నొక్కకపోతే, ఫారం జీను శిఖరం మీద నిలవక ఊగుతుంది. వేగం పెంచితే ఇంకా ఊగుతుంది. గంటకు పది వేలకు పైగా కుట్టగల మెషీన్లు ఉన్నాయి నిజమే, కానీ ఆ వేగం మంచి ఫారాలకు. మనకొచ్చిన ఫారాలకు తగ్గ వేగం వేరు. పుషర్ల (గొలుసు మీద ఫారాలను ముందుకు నెట్టేవి) స్థానం, గొలుసు సాగడం కూడా చూసుకున్నాక, చివర్లో హెడ్ దగ్గరికి వెళ్లండి. ముందే హెడ్ జరిపేస్తే రేపు మంచి ఫారాలు వచ్చినప్పుడు అది మళ్లీ తప్పుగా పడుతుంది.

రెండు పిన్‌లు చాలా? ఎక్కడెక్కడ వేయాలి?

ఏ5, ఏ4 సైజులకు రెండు చాలు. ఎత్తును నాలుగు భాగాలు చేసి, పైనుంచి ఒక భాగం దగ్గర ఒకటి, కిందినుంచి ఒక భాగం దగ్గర ఒకటి. అంతకంటే పొడవైన పుస్తకానికి మూడో నాలుగో వేయండి. కవరు వెన్ను మీద అక్షరం గానీ, దేవుడి బొమ్మ గానీ పిన్ కిందికి వస్తుందేమో చూసుకోండి. వ్రత కథల పుస్తకాల్లో సరిగ్గా ముఖం మీదే పిన్ పడిందని వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. ఫైల్‌లో పెట్టుకునే పుస్తకమైతే బయటికి ఉంగరంలా నిలిచే లూప్ పిన్ అడుగుతారు. దానికి వేరే హెడ్ కావాలి.

వానాకాలంలో పిన్‌లు తుప్పు పడుతున్నాయి.

గాల్వనైజ్డ్ లేదా టిన్ పూత వైరు వాడండి. వాడని స్పూళ్లను పాలిథిన్ సంచిలో మూసి, నేలకు దూరంగా పెట్టండి. చెమట చేతులతో వైరు పట్టుకున్నా మరకే.

## కవరు

కవరు మడత దగ్గర రంగు పగిలి తెల్లగా కనిపిస్తోంది.

నల్లటి, ముదురు నీలం కవర్లలో ఎక్కువ కనిపిస్తుంది. 170 జీఎస్ఎం దాటిన కవరుకు క్రీజింగ్ (మడిచే చోట ముందే గాడి నొక్కడం) తప్పనిసరి అనుకోండి. క్రీజు వేశాక లేచిన ఉబ్బు మడతకు లోపలి వైపు ఉండాలి. చాలామంది తిప్పి మడుస్తారు, అప్పుడు క్రీజు వేసినా పగులుతుంది. గ్రెయిన్ వెన్నుకు అడ్డంగా ఉన్న బోర్డు అయితే క్రీజింగ్ కూడా కొంతవరకే కాపాడుతుంది. లామినేషన్ రంగును పట్టి ఉంచుతుంది కాబట్టి ముదురు రంగు కవరుకు ముందే అడిగి వేయించడం మంచిది.

లామినేషన్ చేసిన కవరు చుట్టుకుపోయి ఫీడర్‌లోకి వెళ్లట్లేదు.

ఒక వైపే ఫిల్మ్ ఉండటంతో రెండో వైపు కాగితం తేమ పీల్చుకుని సాగుతుంది, ఫిల్మ్ సాగదు. లామినేషన్ అయ్యాక కవర్లను పలకల మధ్య చదునుగా అణచి ఉంచి, పని రోజునే విప్పండి. జూలై, ఆగస్టుల్లో విప్పి రాత్రంతా వదిలేస్తే ఉదయానికి అన్నీ అప్పడాల్లా లేచి ఉంటాయి.

## ట్రిమ్మింగ్

వెన్ను చివర్ల దగ్గర కవరు చిరుగుతోంది.

తల, పాదం కోసే కత్తి వెన్ను దగ్గర చివరగా బయటికి వచ్చేటప్పుడు ఆధారం లేక కవరును పీకేస్తుంది. పదును పోయిన కత్తి మొదటి కారణం, కింది కత్తితో దాని కలయిక రెండోది. పుస్తకం గట్టిగా నొక్కి పట్టకపోవడం మూడోది. పదును పెట్టించినా చిరుగుతుంటే నొక్కే పలక కింద ప్యాడింగ్ సరిచేయండి.

త్రీ నైఫ్ (మూడు వైపులా కోసే ట్రిమ్మర్) లేదు. గిలెటిన్ మీద కోస్తే సైజులు తేడా వస్తున్నాయి.

పిన్ చేసిన పుస్తకం వెన్ను వైపు ఎత్తుగా ఉంటుంది. ఎక్కువ పేరిస్తే కట్ట వాలిపోతుంది, క్లాంప్ దిగగానే పైవి జారతాయి. చిన్న కట్టలుగా కోయండి. ముందు బయటి అంచు, తర్వాత తల, పాదం. తల, పాదం కోసేటప్పుడు సన్నగా ఉన్న వైపు అట్టముక్క పెట్టి ఎత్తు సమం చేయండి. బయటి అంచు కోసేటప్పుడు వెన్ను బ్యాక్ గేజ్‌కు నిజంగా ఆనిందో లేదో ప్రతి కట్టకూ తట్టి చూడాలి. కత్తి పిన్‌కు తగిలితే కత్తి పళ్లు పోతాయి, అందుకే పిన్ స్థానం ట్రిమ్ గీతకు దూరంగా ఉందని ముందే తేల్చుకోండి.

ఎంత ట్రిమ్ వదలమని డిజైనర్‌కు చెప్పాలి?

మూడు వైపులా 3 మి.మీ. బ్లీడ్, అంటే కోత గీత దాటి ప్రింట్ చేసే భాగం. ముఖ్యమైన అక్షరం ఏదీ అంచుకు 5 మి.మీ. లోపు రాకూడదు, పేజీలు ఎక్కువైతే బయటి అంచున ఇంకాస్త.

## జాగ్రత్త, తనిఖీ

ఎన్ని పుస్తకాలకోసారి చెక్ చేయాలి?

మొదటి ఐదు పుస్తకాలు పూర్తిగా, పేజీ పేజీ. తర్వాత ప్రతి కట్టలోంచి ఒకటి. మధ్య పేజీని పట్టుకుని పుస్తకాన్ని వేలాడదీసి మెల్లగా ఊపండి, పిన్ పట్టు తెలిసిపోతుంది. మెషీన్ ఎందుకు ఆగినా సరే, తిరిగి మొదలైన తర్వాత వచ్చిన మొదటి మూడు పక్కన పెట్టాలి. ఓకే అన్న శాంపిల్ మీద కస్టమర్ సంతకం చేయించి మెషీన్ దగ్గరే వేలాడదీయండి.

గార్డు తీసి నడిపితే సెట్టింగ్ త్వరగా అవుతుంది కదా?

అవుతుంది. వేళ్లు పోవడమూ త్వరగానే అవుతుంది. సెట్టింగ్‌కు ఇంచింగ్ బటన్ (మెషీన్‌ను కొద్దికొద్దిగా కదిపేది), చేతి చక్రం ఉన్నాయి. చిక్కుకున్న ఫారం తీయాలంటే మెయిన్ స్విచ్ ఆపండి, స్టాప్ బటన్ ఒక్కటే చాలదు. ఇంకొకరు చూడకుండా ఆన్ చేయవచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ముందు చేతి చక్రంతో మెషీన్ ఖాళీ చేసుకున్నాకే నడపండి. చున్నీ, వదులు చేతులు, ఉంగరాలు, మణికట్టు దారాలు గొలుసు దగ్గరికి రాకూడదు. మొక్కుకున్న దారమైతే షర్టు చేతిలోకి దోపి బిగించండి. వైరు ముక్కలు కంట్లో పడతాయి కాబట్టి హెడ్ సెట్ చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. ట్రిమ్మర్ కత్తిని ఒట్టి చేత్తో మోయకండి, దాని హోల్డర్ దానికి ఉంది.

రోజూ శుభ్రం చేయాలా? దసరాకు ఎలాగూ చేస్తాం కదా.

ఆయుధ పూజకు చేసే శ్రద్ధలో పదో వంతు రోజూ చేస్తే చాలు. హెడ్‌లో కాగితం పొడి, వైరు పొట్టు ఊదేసి, చెప్పిన చోట ఒక చుక్క నూనె. ఎక్కువ నూనె పోస్తే అది వైరుతోపాటు పుస్తకంలోకి వస్తుంది, పిన్ చుట్టూ పసుపు మరకలు కనిపిస్తాయి.

## నేర్చుకోవడం, కొనడం

ఈ పని ఎక్కడ నేర్చుకోవాలి?

ఎక్కువమంది హెల్పర్‌గా చేరి నేర్చుకున్నవాళ్లే. చదువు దారిలో రావాలంటే సికింద్రాబాద్‌లో ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ ప్రింటింగ్ డిప్లొమా చేయవచ్చు. ఏ దారిలో వచ్చినా మొదట ఫోల్డింగ్ మెషీన్ దగ్గర కొన్నాళ్లు ఉండమని మా సలహా. ఫారం ఎలా పుడుతుందో చూసిన ఆపరేటర్ హెడ్‌ను ఊరికే విప్పడు.

సెకండ్ హ్యాండ్ విదేశీ మెషీన్ తీసుకుంటున్నాం. ఏం చూడాలి?

పెయింట్ చూడకండి, కొత్త పెయింట్ ఉంటే ఇంకా జాగ్రత్త. గొలుసు ఎంత సాగింది, ఫీడర్ గ్రిప్పర్లు ఎంత అరిగాయి, హెడ్లు ఏ కంపెనీవి, వాటి భాగాలు ఇక్కడ దొరుకుతాయా అన్నవి అడగండి. హోనర్ లాంటి హెడ్లు రకరకాల మెషీన్ల మీద ఉంటాయి కాబట్టి భాగాలు వెతకడం కాస్త సులువు. హైడెల్‌బర్గ్ స్టిచ్‌మాస్టర్ అయితే ఒక విషయం తెలుసుకోండి, 2014లో ఆ స్టిచ్చర్ల సర్వీసు, విడిభాగాల బాధ్యత ముల్లర్ మార్టినికి వెళ్లింది. స్పేర్ల కోసం అడగాల్సింది అక్కడ. ఎలక్ట్రానిక్ కార్డులు పాతవైతే మెకానిక్ ఎంత మంచివాడైనా చేయగలిగింది తక్కువ. అమ్మేవాడి దగ్గర మీ ఫారాలే తీసుకెళ్లి, కనీసం ఒక గంట ఆపకుండా నడిపించి చూడండి. ఆయన సిద్ధంగా పెట్టిన ఫారాల మీద ఏ మెషీన్ అయినా బాగానే కుడుతుంది.